మోకాలికి ముక్కుమందు

చింతలంక ఏరియా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగం అంటే డాక్టర్ హైమవతి ఒక్కతే. ఆమెకొక గది, ఆ గదికొక కిటికీ, కిటికీ అవతల చక్రాల్లేని అంబులెన్సు. చుట్టుపక్కల లంకల నిండా కొబ్బరి పీచు మిల్లులే కాబట్టి ఆ గది ముందున్న బెంచీ ఏనాడూ ఖాళీగా ఉండేది కాదు. పీచు దుమ్ము పీల్చి పీల్చి ఉబ్బసం తెచ్చుకున్న ఆడవాళ్లు దానిమీద ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు ఊపిరి తీస్తూ తమ వంతు కోసం చూస్తుండేవారు.

ఉబ్బసమంటే ఊపిరి గొట్టాల లోపలి గోడ వాయడం. ఆ వాపు తీసే మందును మాత్రగా మింగిస్తే అది ఒళ్లంతా షికారు చేసి, మొహం ఉబ్బించి, ఎముకలు గుల్లచేసి, మిగిలింది ఊపిరితిత్తులకు పంచుతుంది. అదే మందును పంపుతో, అంటే ఇన్‌హేలరుతో, పీల్పిస్తే రవ్వంతతోనే పని జరిగిపోతుంది. హైమవతి ఈ మాటను జిల్లా సమావేశాలన్నిటిలోనూ చెప్పింది. ఆసుపత్రికి వచ్చే పంపులు పీచు మిల్లు ఆడవాళ్లకే చాలడం లేదు, ఇంకొన్ని ఇప్పించండి అని అడిగింది. అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అన్నారు. ఆమె కూడా అడగడం ఒక వ్యాయామంగా పెట్టుకుని, ఆశ వదిలేసింది.

అలాంటి సమయంలో రాష్ట్ర ఆరోగ్యశాఖ సంచాలకులుగా విరూపాక్షం గారు వచ్చారు.

విరూపాక్షం గారు చెడ్డ మనిషి కాదు. ఆయనకు ఉత్సాహం ఎక్కువ. వచ్చీ రాగానే రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటిలో రోగులచేత ఉదయాన్నే చప్పట్లు కొట్టించారు. అప్పుడు చెయ్యి విరిగి చేరినవాళ్లకు మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నదానిమీద రాజధానిలో పెద్ద చర్చే జరిగింది. ఆ చప్పట్లు సద్దుమణిగి, ఆయన మరో మహత్కార్యం కోసం వెతుకుతుండగా, జిల్లా సమావేశంలో హైమవతి అలవాటు కొద్దీ లేచి నిలబడింది.

"అంటే డాక్టరుగారూ," అన్నారు విరూపాక్షం గారు కుర్చీలో ముందుకు జరిగి, "వాపుకి మందు నోటి ద్వారా కాకుండా శ్వాస ద్వారా ఇస్తే తక్కువ మందుతో ఎక్కువ ఫలితం అంటారు!"

"అవునండి. ఊపిరితిత్తుల వాపు అయితే..."

ఆమె మాట పూర్తికాలేదు. ఆయన అప్పటికే పక్కకు తిరిగి, సహాయకుడితో, "రాసుకోవయ్యా. వాపు, శ్వాస," అంటున్నారు. ఆమె "ఊపిరితిత్తుల" అని మళ్లీ గట్టిగా అంది. అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. పాత పథకం అలవాటు ఇంకా పోలేదు.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ కామేశం గారు సిబ్బందినంతా పిలిచి, అద్దాలు తుడుచుకుని, దాన్ని పురాణం చదివినట్టు చదివారు.

"ఇందుమూలముగా యావన్మంది ఆసుపత్రి పర్యవేక్షకులకు తెలియజేయునది ఏమనగా, శరీరమందు ఏ భాగమున ఏ విధమైన వాపు సంభవించినను, సదరు వాపునకు ఔషధమును నాసికా మార్గమున గాని, శ్వాసకోశ మార్గమున గాని మాత్రమే ప్రదానము చేయవలెను. నోటి మార్గము, సూది మార్గము, పూత మార్గము కాలం చెల్లిన మార్గములుగా ప్రకటించడమైనది. ఈ పథకమునకు 'ఊపిరిబాట' అని నామకరణము చేయడమైనది. నోటి నుండి ఊపిరికి మారిన రోగుల సంఖ్యను బట్టి ఆసుపత్రుల పనితీరు నిర్ణయించబడును."

చదవడం అయ్యాక కామేశం గారు కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశారు. ఆయనది ముప్పావు వంతు సర్వీసు దాటిన ఉద్యోగం. ఉత్తర్వును అర్థం చేసుకోవడానికి ప్రయత్నించినవాళ్లంతా బదిలీ అయిపోవడం ఆయన కళ్లారా చూశారు.

హైమవతి చెయ్యెత్తింది. "ఏ భాగమునైనా అంటే, సార్? కాలికి గడ్డ లేస్తే?"

"ఏ భాగమునైనా అని ఉందమ్మా. కాలు శరీర భాగమేగా?"

"ముక్కులోంచి కాలికి మందు ఎలా వెళ్తుందండి?"

"అది మందు చూసుకుంటుంది. మనం మార్గం చూసుకోవాలి."

మర్నాడు పంపులు లారీలో దిగాయి. వాపు తీసే మందూ, బిగుసుకున్న గొట్టాలను వదులుచేసే మందూ రెండూ కలిసిన మంచి రకం పంపులు. అట్టపెట్టెలు గోడౌన్ నిండి, వరండాలోకి వచ్చి, చక్రాల్లేని అంబులెన్సులోకి కూడా ఎక్కాయి. హైమవతి వరండాలో నిలబడి ఆ పెట్టెల వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. ఉత్తర్వు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా పంపులైతే వచ్చాయి, తన వాళ్లకు ఇక ఊపిరికి లోటుండదు అనుకుంది.

మొదటి పంపు ఏడిద సత్తిరాజు మోకాలికి వెళ్లింది.

సత్తిరాజు కొబ్బరి దింపు మేస్త్రీ. చెట్టు దిగుతూ జారి, వాచిన మోకాలితో వచ్చాడు. మందుల కిటికీ దగ్గర ఫార్మసిస్టు పల్లంరాజు అతని చేతిలో పంపు పెట్టి, పొద్దున్నోసారి సాయంత్రమోసారి పీల్చమన్నాడు.

"ఆయ్, మోకాలండి వాసింది," అన్నాడు సత్తిరాజు, పంచె పైకెత్తి మోకాలు చూపిస్తూ.

"చూశానయ్యా. పీల్చు."

"ముక్కు బానే ఉందండి."

"అందుకే ముక్కు చేత చేయిస్తున్నాం. బాలేనిదాని చేత పని చేయిస్తామేంటి?"

సత్తిరాజుకు ఇందులో తప్పేమీ కనబడలేదు. బయటికొచ్చి పంపు పీల్చి, మందు త్వరగా దిగుతుందేమోనని మోకాలు రెండు మూడుసార్లు చరుచుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. అతని వెనక బెణికిన చీలమండ, దాని వెనక కందిరీగ కుట్టిన చెవి, దాని వెనక సెగ్గడ్డ. పంపులు చకచకా కదిలాయి. సెగ్గడ్డ లేచిన పెద్దమనిషి కూర్చోలేక నిలబడే పీల్చాడు.

చిక్కు జలుబువాళ్లతో వచ్చింది. ముక్కు దిబ్బడ పడితే ముక్కు లోపల వాపే కదా, దానికి ముక్కులో కొట్టే వేరే మందు. దిబ్బడ పడ్డ ముక్కులోంచి మందు లోపలికి పోదు. పోకపోతే దిబ్బడ తగ్గదు. కామేశం గారు దీనిమీద ఒక కమిటీ వేశారు. వచ్చినవాళ్ల ముక్కుల కింద అద్దం పెట్టి, ఆవిరి పడితే "నాసికా అర్హుడు", పడకపోతే "నాసికా అనర్హుడు" అని విభజించారు. అనర్హులను ముక్కు బాగయ్యాక రమ్మన్నారు. బాగైనవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? రాలేదు. జలుబు కేసులు పూర్తిగా తగ్గుముఖం పట్టాయని నివేదిక వెళ్లింది.

హైమవతి ఇవన్నీ చూస్తూ కొన్నాళ్లు నవ్వుకుంది. నవ్వు ఆగిపోయింది పుక్కిలింత దగ్గర.

ఈ పంపు పీల్చిన ప్రతిసారీ నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే మందు గొంతులో పేరుకుని గొంతు బొంగురుపోతుంది, నాలుక మీద తెల్లగా బూజు పడుతుంది. ఆమె ఆసుపత్రి గోడలమీద "పీల్చాక పుక్కిలించండి" అని కాగితాలు అంటించింది. కామేశం గారు వాటిని పీకించేశారు.

"నీళ్లు ఎందులో పోసుకుంటారమ్మా?" అని అడిగారు ఆమెను పిలిచి.

"నోట్లో, సార్."

"చూశావా! నోటి మార్గం అయిపోలేదూ?"

"మింగరండీ, ఉమ్మేస్తారు. పంపు కూడా నోట్లోనే పెట్టుకుంటారుగా."

"పంపుకి ఊపిరి అని పేరుంది, నీళ్లకి లేదు. మింగడమా ఉమ్మడమా అన్నది పైవాళ్లు చూడరు. ప్రవేశం చూస్తారు. చికిత్సలో భాగంగా నోటి ప్రవేశం జరిగిందా లేదా? జరిగింది."

కాబట్టి చింతలంక బొంగురుపోయింది. చేపల బజారులో వేలంపాటవాడు వేళ్లు చూపించి సరుకు అమ్మాడు. బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు పలకలేక తలుపుమీద బాదుతూ ఊరుకున్నాడు, జనం తోచిన చోట దిగారు. మొగుణ్ణి సందు చివరి నుంచి కేకేసి పిలిచే ఒకావిడకు గొంతు రాక, దగ్గరికెళ్లి మెల్లగా పిలిస్తే, అతను ఆమెకేదో అయిందని భయపడి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఆమెకూ ఒక పంపు ఇచ్చి పంపారు.

రాజధాని నుంచి మాత్రం ప్రశంసలొచ్చాయి. కామేశం గారికి ఆబ పెరిగింది. నోటి వాడకం తగ్గినకొద్దీ మంచి పేరొస్తున్నప్పుడు పూర్తిగా సున్నా చేస్తే ఎలా ఉంటుందనుకున్నారు. థర్మామీటర్లు చంకకు మారాయి. ఆ తర్వాత భోజనం. ఆసుపత్రి ఆవరణలో ఎవరూ నోటి ద్వారా ఏమీ పుచ్చుకోకూడదన్నారు. దాంతో మధ్యాహ్నం కాగానే రోగులంతా సెలైన్ సీసాలు పైకెత్తి పట్టుకుని, గేటు దాటి, రోడ్డు పక్కన వరసగా నిలబడి సాంబారన్నం తినేవారు. గేటు అవతలి కిళ్లీ కొట్టువాడు వాళ్లకోసం గొడుగు పాతాడు. ప్రసూతి వార్డులో పుట్టిన పిల్లలకు పాలు ఏ మార్గమున పట్టవలెనో స్పష్టత ఇవ్వగోరుతూ కామేశం గారు పైకి రాశారు. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. పిల్లలు ఆ జవాబు కోసం ఆగలేదు.

నూకరత్నం వచ్చింది ఆ రోజుల్లోనే.

నూకరత్నం పీచు మిల్లులో దుమ్ము జల్లెడపట్టే పని చేసేది. హైమవతి చేతిలో పడేనాటికి ఆమె గుమ్మం దాటితే ఆగి, చెంబు ఎత్తితే ఆగి, మాట మాటకీ మధ్య ఆగి బతుకుతోంది. పంపు మొదలుపెట్టాక పూర్తిగా తేరుకుంది. మిల్లు మానేసి తాళ్లు పేనే పనిలో కుదిరింది. హైమవతి ఎవరికైనా ధైర్యం చెప్పాలంటే ఆమెను పిలిచి నిలబెట్టేది.

"పంపు అయిపోయిందండి, డాట్రమ్మగోరూ," అంది నూకరత్నం, బెంచీమీద కూలబడి. "కిటికీ కాడికెళ్తే నీకు రాదంటన్నారండి. అదేటో ఈ ఊళ్లో అందరి జేబుల్లోనూ ఉందండి. మా పక్కింటాయన గోళ్ల వాపుకిచ్చారంట. నాకు లేదంట."

హైమవతి నేరుగా మందుల కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఇవ్వకూడదండి," అన్నాడు పల్లంరాజు. అతని గొంతూ బొంగురే. "ఊపిరిబాట అంటే నోటి నుంచి ఊపిరికి మార్చడమండి. ఈవిడ మొదట్నించీ ఊపిరే. ఇందులో మార్పేముంది?"

"ఉబ్బసం మనిషయ్యా ఆమె! ఈ పంపు పుట్టిందే ఆమె జబ్బు కోసం."

"పుట్టింది ఎందుకైనా మంజూరైంది వేరేదానికండి."

ఆమె కామేశం గారి గదిలోకి వెళ్లింది. ఆయన చాలా సానుభూతిగా విన్నారు.

"ఒక ఉపాయం ఉందమ్మా. ముందు ఆమెకి కొన్నాళ్లు మాత్రలియ్యి. తర్వాత మాత్రల నుంచి పంపుకి మారుద్దాం. అప్పుడు లబ్ధిదారు అయిపోతుంది. మన సంఖ్య కూడా పెరుగుతుంది."

"మాత్రలు మీరు వెనక్కి పంపేశారుగా, సార్."

"అవును కదూ," అన్నారు కామేశం గారు. "అయితే ఆమె ఏ కోవలోకీ రాదు."

"మోకాలు వాచిందని రాసి ఇచ్చేస్తాను."

"అబద్ధం రాస్తావా?" కామేశం గారు నిజంగానే నొచ్చుకున్నారు. "మనది ప్రభుత్వ ఆసుపత్రమ్మా. నిజాయితీ ఉండాలి."

హైమవతి బయటి మందుల షాపులన్నీ తిరిగింది. రాష్ట్రమంతా మోకాళ్లకు కొనేస్తుండటంతో ఎక్కడా పంపు లేదు. తన బీరువా వెతికితే డాక్టర్లకు చూపించడానికి కంపెనీవాళ్లిచ్చిన నమూనా పంపొకటి దొరికింది. దానిలో మిగిలిన మందు ఎన్నాళ్లో రాదని తెలిసీ నూకరత్నం చేతిలో పెట్టింది. ఆ రోజంతా ఆమెకు ఏ రోగితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తను అడిగిందే వచ్చింది, అడిగినదానికంటే ఎన్నో రెట్లు వచ్చింది, అడిగింది ఎవరికోసమో వాళ్లకే లేకుండా వచ్చింది. ఎవరిని తిట్టుకోవాలో తెలియక, వరండాలో ఒక అట్టపెట్టెను కాలితో తన్నింది. లోపలున్న పంపులు గలగలమన్నాయి.

ఊపిరిబాటలో చింతలంక మొదటి స్థానంలో ఉందని విరూపాక్షం గారే స్వయంగా బయల్దేరి వచ్చారు. ఆయన రాక సందర్భంగా కామేశం గారు కొత్త సౌకర్యం ఒకటి కట్టించారు. దాని పేరు "సామూహిక శ్వాస మందిరం". పాత స్టోరు హాలుకు గొట్టాలు బిగించి, వార్డుల్లోని నెబ్యులైజర్లన్నీ తెచ్చి వాటికి కలిపి, లోపలికి మందు పొగమంచులా వదిలే ఏర్పాటు చేశారు. రోగి ఎవరు, వాపు ఎక్కడ అని విడివిడిగా చూసే శ్రమ ఉండదు. వచ్చి కూర్చుంటే చాలు. రోగి వెంట వచ్చినవాళ్లూ, గోడమీది బల్లులూ కూడా చికిత్స పొందుతాయి. సంచాలకులవారికి సువాసనలిష్టమని తెలిసి ఆ మందులో మల్లెపూల సెంటు కూడా కలిపారు.

"సెంటు వద్దండీ, ఆయాసం వాళ్లకు పడదు," అని హైమవతి మొత్తుకుంది.

"ఆయాసం వాళ్లెవరూ మన లబ్ధిదారులు కారుగా," అన్నారు కామేశం గారు.

హాలు కిక్కిరిసింది. ఊళ్లో పంపు పుచ్చుకున్నవాళ్లంతా పంపులు వెంట తీసుకుని రావాలని, సంచాలకులు చెయ్యెత్తగానే వాటిని పైకెత్తి చూపాలని చాటింపు వేయించారు. చాటింపు వేసేవాడి గొంతూ పోయి ఉండటంతో డప్పు మాత్రమే కొట్టాడు. అయినా జనం అర్థం చేసుకుని వచ్చారు. సత్తిరాజు తన మోకాలు ముందు వరసలో చాపి కూర్చున్నాడు. అది గుమ్మడికాయంత అయింది. సంచాలకులతో మొరపెట్టుకుంటే పంపు దొరుకుతుందని ఎవరో చెప్పగా నూకరత్నం కూడా వచ్చి వెనకవైపు గోడకానుకుని కూర్చుంది. నమూనా పంపు అయిపోయి చాలా రోజులైంది.

విరూపాక్షం గారు మైకు ముందుకు వచ్చారు. ఆదర్శంగా ఉండాలని తానే ముందు నుంచీ పంపు పీలుస్తున్నందువల్ల ఆయన గొంతు మైకులో కూడా గుసగుసలాగే వచ్చింది.

"నోరు... మానవజాతి చేసిన... చారిత్రక తప్పిదం," అన్నారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. "తినడానికీ, మాట్లాడటానికీ, మందుకీ ఒకే ద్వారమా? ఇది పరిపాలనా లోపం. ఊపిరికి మించిన రహదారి లేదు. మందు లోపలికి వెళ్లడమే ముఖ్యం గాని, ఎక్కడికి వెళ్లిందన్నది సంకుచిత దృష్టి..."

అంటూ మీట నొక్కారు. గొట్టాలు బుసకొట్టాయి. మల్లెపూల వాసనతో తెల్లని మంచు హాలంతా కమ్ముకుంది. ముందు వరసలు కనబడలేదు. తర్వాత వేదిక కనబడలేదు. ఆ తెలుపులోంచి ఎక్కడో వెనకనుంచి ఈల లాంటి శబ్దం వచ్చింది. విన్నవాళ్లు అది మిషను చప్పుడనుకున్నారు. హైమవతి అనుకోలేదు.

జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి నూకరత్నం రెండు చేతులూ నేలకానించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరికోసం కొట్టుకుంటోంది. పెదవులు నీలం తిరిగాయి. మాట రావడం లేదు. చేతులు పట్టుకుంటే మంచుముక్కలు.

"మిషను ఆపండి! తలుపులు తియ్యండి! పంపు! ఎవరిదైనా పంపు ఇవ్వండి!"

హాల్లో ఆమె ఒక్కదాని గొంతే సరిగ్గా ఉంది కాబట్టి అందరికీ వినబడింది. సత్తిరాజు లేచి, కుంటుతూ వచ్చి, మొలలోంచి పంపు తీసి ఇచ్చాడు. అతని వెనక గోళ్లవాపాయన ఇచ్చాడు. సెగ్గడ్డ పెద్దమనిషి ఇచ్చాడు. బొడ్లోంచి, కొంగు ముడిలోంచి, జేబుల్లోంచి తీసి అందరూ ఇస్తూనే ఉన్నారు. మంచులోంచి చేతులు మాత్రమే కనబడుతున్నాయి, ఒక్కో చేతిలో ఒక్కో పంపు. పంపును నేరుగా పీల్చుకునే ఓపిక ఆమెలో లేదని హైమవతి కింద పడున్న మంచినీళ్ల ప్లాస్టిక్ సీసా తీసి, అడుగున పెన్నుతో పొడిచి కన్నం చేసి, పంపు మూతి అందులో గుచ్చి, సీసా మూతిని నూకరత్నం నోటికి పెట్టింది.

"మెల్లగా తీసుకో, తల్లీ. ఇంకోటి. ఇంకోటి. కంగారుపడకు, నేనున్నా."

పీల్చింది. మళ్లీ పీల్చింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. చాలాసేపటికి పెదవుల నీలం విరిగి, ఆ ఈల సన్నబడి, నూకరత్నం హైమవతి చెయ్యి గట్టిగా పట్టుకుని, "పల్లేదండి," అంది.

విరూపాక్షం గారు వేదిక దిగి వచ్చారు. ఆయన మొహం ఆనందంతో వెలిగిపోతోంది. "ఇదే!" అని గుసగుసలాడారు. "ఇదే ఊపిరిబాట విజయం! ఫోటో తియ్యండి. ఈమెది ఏ వాపు? మోకాలా, భుజమా?"

"ఊపిరితిత్తులండి," అంది హైమవతి.

ఆయన మొహం పడిపోయింది. కామేశం గారి వంక చూశారు. కామేశం గారు ఫోటో తీయబోయినవాణ్ణి ఆపారు.

వారం తిరక్కుండా హైమవతికి మెమో వచ్చింది. "ఏడిద సత్తిరాజు అను లబ్ధిదారుని మోకాలి నిమిత్తము మంజూరైన పంపును, ఏ అనుమతియు లేకుండా, నూకరత్నం అను అనర్హురాలి ఊపిరితిత్తులకు మళ్లించినందులకు మీపై చర్య ఏల తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వగలరు" అని ఉంది.

ఆమె అది చదివి ముందు నవ్వింది, తర్వాత కూర్చుని జవాబు రాసింది. "నేరము అంగీకరిస్తున్నాను. అత్యవసరమగుటచే సదరు మోకాలిని సంప్రదించు వ్యవధి లేకపోయినది. మోకాలు ఇంతవరకు అభ్యంతరము తెలుపలేదు. ఊపిరితిత్తులు మందును స్వీకరించి, రోగి బతికినట్లు సవినయముగా మనవి."

"ఇలా రాస్తే ఎలాగమ్మా?" అన్నారు కామేశం గారు.

"ఇందులో అబద్ధమేమైనా ఉందా, సార్?"

లేదు కాబట్టి ఆయన దాన్ని పైకి పంపక తప్పలేదు. పైన దాన్ని ఎవరూ నవ్వుకుంటూ చదవలేదు. గంభీరంగా చదివి, మోకాళ్ల పరిస్థితి తెలుసుకోవడానికి అధ్యయన బృందాన్ని వేశారు. బృందం సత్తిరాజుతో మొదలుపెట్టి రాష్ట్రంలోని మోకాళ్లన్నీ నొక్కి చూసింది. పంపు పీల్చిన ఏ మోకాలూ తగ్గలేదని తేల్చింది. దాంతో కొత్త ఉత్తర్వు వచ్చింది.

"మోకాళ్లయందు పంపు నిష్ప్రయోజనమని శాస్త్రీయముగా రుజువైనందున, సదరు పంపును అన్ని రోగములకును, ఊపిరితిత్తుల రోగములతో సహా, తక్షణమే నిషేధించడమైనది. ప్రైవేటు దుకాణములకును ఇది వర్తించును. ఇకపై సమస్త ఔషధములు చర్మముపై అంటించు పట్టీల ద్వారా ప్రదానము చేయబడును. ఈ పథకమునకు 'చర్మబాట' అని నామకరణము చేయడమైనది."

వరండాలోని పెట్టెలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఊళ్లోవాళ్ల దగ్గరున్నవి కూడా అప్పగించమని డప్పు కొట్టారు. ఎవరూ అప్పగించలేదు. ఆ రోజు హాల్లో చూసిందేమిటో వాళ్లకు గుర్తుంది. సత్తిరాజు తన పంపు తీసుకెళ్లి నూకరత్నం ఇంటి అరుగుమీద పెట్టి, "మా మోకాలికి దీంతో పన్లేదక్కా, నువ్వుంచుకో," అన్నాడు. పొద్దుగూకేలోపు ఇంకొందరు వచ్చారు. నూకరత్నం వాటిని తాళ్లు పేనే బుట్టలో పోసింది. పంపుల మూతులు కడిగి ఆరబెట్టింది. మందు గడువు దాటినవాటిని హైమవతి వచ్చి ఏరేసింది. ఆసుపత్రిలో హైమవతి తన గది ముందు బెంచీ మీదివాళ్లకు చీటీమీద చర్మపు పట్టీ రాసి, నోటితో, "నూకరత్నం ఇంటికెళ్లండి," అని చెప్పేది.

చర్మబాట మొదలుపెట్టడానికి విరూపాక్షం గారు మళ్లీ వచ్చారు. ఈసారి పక్క లంకలో ఉన్న చిన్న ఆసుపత్రిలో సభ. కార్లో ముందు సీట్లో కామేశం గారు, వెనక సీట్లో సంచాలకులు, ఆయన పక్కన పట్టీల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికని బలవంతంగా ఎక్కించిన హైమవతి. విరూపాక్షం గారి రెండు చేతులకూ, మెడకూ పట్టీలున్నాయి. గొంతు బాగుపడింది. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు.

"చర్మం ఎంత విశాలమైన అవయవమో ఆలోచించారా, డాక్టరుగారూ? ఇన్నాళ్లూ మనం దానిని వృథాగా..."

పీచు మిల్లుల మధ్య రోడ్డు తవ్వేసి ఉంది. కారు ఆగి, కదిలి, మళ్లీ ఆగింది. ఆయన గాలికోసం అద్దం దించారు. మిల్లులోంచి ఎర్రటి దుమ్ము తెరలాగా లోపలికి వచ్చిపడింది. ఆయన దగ్గారు. దగ్గుతూనే మాట పూర్తిచేయబోయారు. పూర్తికాలేదు. గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు. ఆయన లోపలినుంచి ఈల మొదలైంది.

"చిన్నప్పుడు... ఉండేది..." అన్నారు. "తగ్గి... పోయింది... అనుకున్నా..."

కామేశం గారు వెనక్కి తిరిగి చూసి, గబగబా పట్టీల పెట్టె తెరిచారు. "ఇంకోటి అంటించమంటారా, సార్? ఛాతీ మీద?"

"ఆ కొబ్బరి చెట్టు పక్కసందులోకి తిప్పు," అంది హైమవతి డ్రైవరుతో. "రేకుల ఇల్లు. నూకరత్నం గారిల్లంటే ఎవరైనా చెప్తారు."

నూకరత్నం అరుగుమీద కూర్చుని తాడు పేనుతోంది. కారు ఆగిన తీరు చూసి, లోపలినుంచి వస్తున్న చప్పుడు విని, మరేమీ అడక్కుండా లేచి వెళ్లి, పంపూ కన్నమున్న సీసా పట్టుకుని వచ్చింది. కారు తలుపు తీసి ఆయన మొహం చూసింది. గుర్తుపట్టిందో లేదో హైమవతికి తెలియలేదు. గుర్తుపట్టినా ఆమె చేతి వేగం తగ్గేది కాదని మాత్రం తెలుసు.

"పంపు... ఇది... నిషేధ..." అన్నారు విరూపాక్షం గారు. "ఎవరు... మంజూరు..."

"మాట్లాడకండి బాబూ," అంది నూకరత్నం సీసా ఆయన నోటికి అదిమిపెట్టి. "మాట్లాడితే మందంతా బయటికి పోద్ది. గట్టిగా పీల్చండి. ఆఁ, అంతే. ఇప్పుడు పెదాలు బిగించి, అలా ఉండండి. నేను చెప్పేదాకా."

సంచాలకులు విరూపాక్షం గారు నోరు మూసుకున్నారు.